మిగతా పది

"ఇనుము ఏదుండినా ఈ తొట్లో ఏసినాంకనే పుట్టి ఎక్కల్ల. కొడవలీ కత్తీ ఒగటే కాదమ్మా, బీగంచెవులు, పిన్నీసులు, వక్కలు కత్తిరించే కత్తెర, అన్నీ ఏయల్ల! ఆరునూర్ల ఏండ్ల నాటి కట్టుబాటిది!"

గైడు జయరాముడు చెరువు గట్టు మీద నిలబడి చేతిమైకులో అరుస్తున్నాడు. పొదుపు సంఘం ఆడవాళ్లు ఒకరినొకరు పొడుచుకొని నవ్వుకుంటూ రవికల పిన్నీసులు ఊడదీసి రాతి తొట్టిలో వేస్తున్నారు. ఈశ్వరి కూడా వేసింది. పైట పిన్నీసు ఒకటి, ఇంటి బీగంచెవి ఒకటి. టంగుమని రెండు చప్పుళ్లు. మూడోది వేయలేదు. మూడోది కుచ్చిళ్ల వెనక, గోనెగుడ్డలో చుట్టి, నడుముకు కట్టుకొని ఉంది. చెనిక్కాయ చేన్లో కలుపు తీసే తొలిక అది, జానెడు పిడి, జానెడు అలుగు, మూడు రోజులు సానరాయి మీద రుద్దింది, ఇప్పుడు వేలు పెడితే వేలు తెగుతుంది. కట్టుబాటంట కట్టుబాటు! తన ఇంట్లోంచి ఒకడు వట్టి చేతులతో పోయినాడు చాలు, రెండోవాళ్లు పోవాల్సిన పని లేదు. తొట్టిలోకి మాత్రం ఆమె చూడలేదు. చూస్తే కనిపిస్తుంది. ఎవరి ఇనుము వాళ్లే తీసుకోవాలి, దాని సొంతదారు తిరిగి రాకపోతే అది అట్లాగే అక్కడ పడి ఉండాలి, ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఏడేళ్లుగా పడి ఉంది వీరేష్ కొడవలి, ఆమె మొగుడి కొడవలి. నిజానికి ఆ తొట్టిలో దాన్ని వేసింది వీరేష్ కూడా కాదు. అతని చేతిలోంచి లాక్కొని ఆమే వేసింది. ఈ సంగతి ఈశ్వరి ఇంతవరకూ ఒక్క నరమానవుడికి చెప్పలేదు.

పుట్టి కదిలింది. పెద్ద వెదురు బుట్టకు టార్పాలిన్ కుట్టి తారు పూసిన గుండ్రటి పుట్టి, పన్నెండు మంది అంచు చుట్టూ మోకాళ్లు ముడుచుకొని కూర్చుంటే జయరాముడు మైకు మెడలో వేసుకొని తెడ్డు వేస్తున్నాడు. గుండ్రటిది గనుక తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది. చెరువు నడుమ దిబ్బమఠం ఒకసారి కళ్ల ముందుంటుంది, ఒకసారి వీపు వెనక్కి పోతుంది, మళ్లీ ముందుకు వస్తుంది. వీపు వెనక్కి పోయినప్పుడు ఈశ్వరికి మెడ మీద వెంట్రుకలు లేస్తున్నాయి, ఎందుకంటే ఆ మఠంలో ఆమె మొగుణ్ణి నరికిన మారెప్ప ఉన్నాడు. ఎదురింటి ఉమాదేవి, ఐదో నెల కడుపుతో ఉన్న పిల్ల, ఈమె భుజం గట్టిగా పట్టుకుంది. "అక్కా, తల తిరుగుతాండాది నాకు. ఎందుకొస్తినో ఏమో" అంది. "ఏం కాదులే, కండ్లు మూసుకో" అంది ఈశ్వరి, ఆ చెయ్యి జారి నడుముకు తగులుతుందేమోనని దాన్ని తీసి తన తొడ మీద పెట్టుకుంది. నీళ్లు, ఎటు చూసినా నీళ్లు. తొమ్మిదేళ్లు నాలుక తడవడానికి చుక్క లేని చెరువు, ఈ కార్తీకంలో వారం రోజులు కొట్టిన వానకు నిండి పొర్లి మరవ పారింది. మరవ పారిందని ఊళ్లన్నీ పొట్టేళ్లు కోసుకున్నాయి, మండలం ఆఫీసువాళ్లు సంఘాల ఆడవాళ్లకు ఒక రోజు విహారయాత్ర పెట్టారు, ఉప్మా పొట్లాలు పంచారు, ఇదిగో ఈ టోపీ పెట్టుకున్న గైడును ఇచ్చారు. ఏం, ఈ పాడు నీళ్లు ఏడేళ్ల ముందే వచ్చి ఉంటే వాటి సొమ్మేం పోయేది? మోకాలిలోతు ఉన్నా సరిపోయేది. నీళ్లున్నన్నాళ్లూ ఎంత పగవాడైనా ఈ మఠానికి చేతులూపుకుంటూనే వచ్చాడు, ఇక్కడే ఎదురుబదురు కూర్చొని అన్నం తిన్నాడు, నీళ్లకు అంత విలువుంది. నీళ్లు లేకపోవడంతోనే వచ్చింది ఇదంతా.

నీళ్లు లేవు. ఆ యేడు, తొంభై ఎనిమిది, వైశాఖం, ఇప్పుడు ఈ పుట్టి తిరుగుతున్న చోట నేల పగిలి, పగుళ్లలో కాలు పెడితే మడమ దిగిపోయేది. ఇదే చోటు కావచ్చు. కాదు, ఇంకొంచెం ముందు, ఆ తుమ్మచెట్టు కొన ఒకటి నీళ్లపైన కనిపిస్తోంది చూడు, దానికి ఇవతల. బోరు దగ్గర మొదలైంది తగవు. వీళ్ల బోరుకు నలభై గజాల దూరంలో మారెప్ప వాళ్లు బోరు వేశారు, వీళ్ల బోరులో నీళ్లు తగ్గాయి, మాటా మాటా పెరిగి కట్టెలు లేచాయి, వీరేష్ కొట్టిన దెబ్బకు మారెప్ప తమ్ముడికి కన్ను పోయింది. పెద్దమనుషులు కూర్చొని రాజీ అన్నారు. రాజీ అంటే దిబ్బమఠమే, ప్రమాణం బండ మీద టెంకాయ కొట్టి, చెయ్యి వేసి, తలా ఇంత ప్రసాదం తిని రావాలి. చెరువులో నీళ్లు లేకపోయినా మఠం యాడికీ పోలేదు కదా అన్నారు. గట్టుదాకా ఈశ్వరి కూడా వచ్చింది, ఐదేళ్ల కూతురు అంజనమ్మను చంకనేసుకొని. తొట్టి దగ్గర వీరేష్ ఆగాడు. కొడవలి చూసుకున్నాడు, ఎండిన చెరువు చూశాడు. "నీళ్లు యాడుండాయే? నీళ్లు లేకుంటే అది దీవి యాడయితాది? వాళ్లు ఇనుము దించుతారో లేదో ఎవురికి తెలుసు" అన్నాడు. అప్పుడైనా ఈశ్వరి నోరు మూసుకొని ఉండాల్సింది. మూసుకోలేదు. "నీళ్లు లేకుంటే ఏం, మఠం మఠమే. ఇనుముతో పోతే పిల్లకు కీడు" అని కొడవలి లాక్కుంది. వీరేష్ నవ్వాడు, వాదులాడే ఓపిక లేక నవ్వే నవ్వు అది, పళ్ల నడుమ వక్క ముక్క కనిపించింది. లాక్కొని తొట్టిలో వేసింది. అక్కడితోనైనా ఊరుకుందా? ప్రమాణం టెంకాయ అందరికీ కనపడేట్టు అరచేతిలో పట్టుకొని పోవాలి. నిప్పులు కురిసే ఎండ, దోవలోనే టెంకాయ పగిలితే రాజీ చెడిపోతుందని ఆమెకు భయం. చీర కొంగు చించి, కుండలో నీళ్లతో తడిపి, టెంకాయకు చుట్టి ముడివేసి అతని రెండు చేతుల్లో పెట్టింది. "బండ కాడికి పోయినాంకనే ఇప్పు" అంది. అతను సరేనన్నాడు. ఎప్పుడూ సరేననేవాడే.

అంత దూరం నుంచి మాటలు వినపడవు. మనుషులు కనిపిస్తారు, వేలెడంత మనుషులు. మఠం వైపు నుంచి మారెప్ప వాళ్లు ఆరుగురు, గట్టు వైపు నుంచి వీరేష్, వెనక కొంత దూరంలో పెద్దమనుషులు ఇద్దరు. వీరేష్ రెండు చేతులూ ముందుకు చాపాడు, మూట చూపించడానికి. అప్పుడు మెరిసింది. ఎండకు ఇనుము మెరిసింది, ఎవడి చేతిలోనో, వీపు వెనక నుంచి పైకి లేచింది. దుమ్ము లేచింది. చేతులు లేచి దిగాయి, లేచి దిగాయి, చెనిక్కాయలు కొట్టేటప్పుడు కళ్లంలో కట్టెలు లేచి దిగినట్టే, ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా. ఈశ్వరి చెయ్యి తొట్టిలోకి పోయింది, కొడవలి పిడి తగిలింది కూడా, తగిలి, వెనక్కి వచ్చింది. ఎందుకు? ఒకరి ఇనుము మీద ఇంకొకరి చెయ్యి పడకూడదని! మొగుణ్ణి నరుకుతుంటే, కళ్లెదురుగా నరుకుతుంటే, కట్టుబాటు గుర్తొచ్చింది ఆ ముండమోసిన చేతికి. పిల్లను నేల మీద వదిలేసి వట్టి చేతులతో పరిగెత్తింది. పోయేసరికి ఎవరూ లేరు. నెత్తురు పగుళ్లలోకి దిగిపోతోంది, ఎండిన నేల ఎంత ఆత్రంగా తాగిందో, చూస్తుండగానే ఇంకిపోయింది. టెంకాయ రెండు గజాల అవతల పడి ఉంది. పగల్లేదు. తడిగుడ్డ ఆరిపోయి ఉంది. ఆ టెంకాయ ఇప్పటికీ ఇంట్లో రాగుల కుండలో ఉంది, ఊపితే లోపల ఎండిన కొబ్బరి గుండు గడగడమంటుంది. పోస్టుమార్టం కాయితంలో గాయాలు పదకొండు అని రాశారు. సాక్షులు మాట మార్చారు, పిల్ల స్కూలుకు పోయే దోవ మాకు తెలుసునని ఎవడో వచ్చి చెప్పిపోయాక ఈశ్వరి కూడా కోర్టులో తలకాయ దించుకొని ఎవరినీ గుర్తు పట్టలేదంది. కేసు కొట్టేశారు.

"దిగండమ్మా, నిదానంగా. ఈ మెట్లు లెక్కపెట్టుకుంటా ఎక్కితే పున్నెం" అంటున్నాడు జయరాముడు. లెక్కపెట్టమని ఈమెకు ఒకరు చెప్పాలా? పదకొండు మెట్లు. పాచి పట్టి నున్నగా ఉన్నాయి. ఒకటో మెట్టు ఎడమ భుజం. రెండోది కుడి ముంజేయి, అడ్డం పెట్టుకున్నట్టున్నాడు, ఎముకదాకా. మూడు, నాలుగు, వీపు. ఐదు మెడ. ఆరోది ఏదో ఆమెకు ఎప్పుడూ గుర్తుండదు, గుర్తు లేనందుకు ప్రతిసారీ తల బాదుకోవాలనిపిస్తుంది. ఏడు, ఎనిమిది, తొడలు. తొమ్మిది చెవి. పది పక్కటెముకలు. పదకొండు మళ్లీ మెడే. ఉమాదేవి రొప్పుతూ వెనక వస్తోంది. పైన రాతి మండపం, స్తంభాల మీద కొడవళ్లు నేల మీద పెట్టి దండం పెడుతున్న బొమ్మలు. "సూడండమ్మా, ఇది పాళెగాళ్ల కాలం కాదు, అంతకు ముందరిది. అప్పట్లో ఇద్దరు దొరలు, ఏండ్ల తరబడి తలలు నరుక్కున్యోళ్లు, స్వామి పిలిస్తే ఈడికొచ్చి ఒగే ఆకులో తిన్యారు. ఆనాటి నుంచి ఈనాటిదాకా ఈ దిబ్బ మీద నెత్తురు చుక్క పడలే!" మైకు రాళ్లకు తగిలి గూబలు అదిరిపోతున్నాయి. పడలేదంట. దిబ్బకు ఇవతల పడింది కదా, అది లెక్కలోకి రాదు కాబోలు. ఆడవాళ్లు చెంపలేసుకుంటున్నారు. స్వామి సమాధి, ఏనుగంత రాతి గాదె, వానకాలంలో సాధువులు పడుకునే రాతి గుహలు, అన్నిటికీ ఒక కథ చెబుతున్నాడు, ఈశ్వరికి ఒక్కటీ తలకెక్కడం లేదు. కళ్లు వాణ్ణి వెతుకుతున్నాయి. కేసు కొట్టేశాక రెండేళ్లు దర్జాగా తిరిగి, తర్వాత ఏం బుద్ధి పుట్టిందో విబూది పూసుకొని ఈ మఠంలో చేరాడని, వచ్చినవాళ్లకు మజ్జిగ పోస్తున్నాడని ఉమాదేవే చెప్పింది ఒకసారి, బావి దగ్గర, మామూలు కబురు చెప్పినట్టు. మజ్జిగ! ఆ చేతులతో! ఆ రోజు నుంచి ఈశ్వరికి మజ్జిగ గొంతు దిగడం లేదు. మొన్న కదిరికి పోయి హాస్టల్లో అంజనమ్మను చూసి వచ్చింది. పన్నెండేళ్లకే తన భుజానికి వచ్చింది పిల్ల. తల దువ్వి జడ వేసింది, మళ్లీ విప్పింది, మళ్లీ వేసింది. "ఏమ్మా, ఎన్నిసార్లు ఏస్తావు?" అని పిల్ల విసుక్కుంది. ఈ పని చేస్తే ఆ జడ మళ్లీ ఎప్పుడు వేస్తుందో తెలియదు, జైలువాళ్లు ఎన్నేళ్లు వేస్తారో తెలియదు, పిల్లకు తండ్రీ ఉండడు, తల్లీ ఉండదు. తెలుసు. అన్నీ తెలిసే వచ్చింది. తెలిసినంత మాత్రాన కడుపులో మంట ఆరుతుందా?

జయరాముడు అందరినీ సమాధి గదిలోకి తోలుకుపోయాడు. ఉమాదేవి రానంది, మండపం చివర మెట్టు మీద కూలబడి స్తంభానికి తల ఆనించింది. ఈశ్వరి ఆమెకు తోడున్నట్టు నిలబడింది. అప్పుడు వచ్చాడు. ఇత్తడి చెంబుతో, భుజాన తుండుగుడ్డతో, నుదుట మూడు గీతల విబూదితో. బాగానే ఉన్నాడు. చిక్కలేదు, కుంగలేదు, మనిషి నున్నగా ఉన్నాడు. "తాగమ్మా, కడుపులో తిప్పేది తగ్గుతాది" అని ఉమాదేవి దోసిట్లో మజ్జిగ పోశాడు. అల్లం వాసన. ఆ పిల్ల తాగింది. తర్వాత చెంబు మీంచి కళ్లెత్తకుండానే ఈశ్వరి వైపు తిరిగాడు. "నువ్వూ పట్టు తల్లీ. ఏ ఊరు మీది?" గుర్తు పట్టలేదు! ఏడేళ్లుగా ఈ ముఖాన్ని ఈమె రోజుకు వందసార్లు నరికింది, ఈ ముక్కు, ఈ దవడ, ఈ మెడలో లావుపాటి నరం, అన్నీ కంఠతా వచ్చు, పక్క చేనివాడే అయినా వాడు మాత్రం ఈమె ముఖం వైపు చూడను కూడా లేదు. ఒళ్లంతా భగ్గుమంది. పెళ్లయింది మొదలు మొగుడి పేరు ఈశ్వరి నోటితో పలకలేదు, కోర్టులో అడిగినా పక్కనున్నవాళ్లే చెప్పారు. ఇప్పుడు పలికింది.

"వీరేష్ పెండ్లాన్ని."

చెంబులో మజ్జిగ కొంచెం ఒలికింది. మారెప్ప ఆమె ముఖం చూశాడు, చేతులు చూశాడు, నడుము దగ్గర పైట ఎత్తుగా ఉండడం కూడా చూశాడు. కదల్లేదు. లోపల గదిలోంచి మైకు గొంతు వినిపిస్తూనే ఉంది, స్వామి ఎన్నాళ్లు నీళ్లు తాగి బతికాడో చెబుతోంది.

"భయపడి సంపితిమమ్మా" అన్నాడు మారెప్ప. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "నీళ్లు లేని చెరువుకు ఇనుము ఎవురు దించుతారనుకున్యాం. మీరు దించింటారని అనుకోలే. టెంకాయయితే అరచేతిలో కనపడతాది. ఆయప్ప రెండు చేతుల్తో మూట పట్టుకోని వస్తాండాడు, తడిగుడ్డ మూట. ఆ కాలంలో బాంబులు ఎండకు పేలకుండా తడిగుడ్డలోనే తెస్తాండిరి కదమ్మా. చేతులు ముందుకు చాపినాడు. ఏస్తాండాడు అనుకుంటి. మొదటిది నేనే ఏసినా."

తడిగుడ్డ. తన కొంగు. తన చేతి ముడి. కొడవలి ఒకటే అనుకుంది ఇన్నేళ్లూ, ఒక్క కొడవలి బరువుకే నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు ఇది కూడానా? టెంకాయ పగులుతుందని, రాజీ చెడుతుందని, పిల్లకు కీడని, ఎంత జాగ్రత్త పడ్డావే ఈశ్వరీ, ఎంత చక్కగా తడిపి చుట్టావు, నువ్వు చుట్టకపోతే వట్టి టెంకాయ ఎండలో కనిపించేది, నువ్వు లాక్కోకపోతే కొడవలి చేతిలో ఉండేది, అయ్యో, అయ్యో నా చేతులు విరిగిపోనూ. గోడకు తల కొట్టుకోవాలనిపించింది. తొలిక తనకే పొడుచుకోవాలనిపించింది. అంతలోనే, ఎక్కడి నుంచి వచ్చిందో, పదకొండు మెట్లూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పదకొండు. ఆగు. లెక్క సరిపోవడం లేదు.

"మొదటి దెబ్బ భుజమ్మీద కదా?"

"భుజమ్మీదే."

"దాంతోనే మూట కిందపడె. ఇడిపోయె. అంతేనా?"

మారెప్ప చెంబును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"టెంకాయ దొర్లె. సూసినావా లేదా?"

"సూసినా" అన్నాడు.

"కొడవలి తొట్లో ఏయించింది నేను. తడిగుడ్డ సుట్టింది నేను. అవి రెండూ నా నెత్తిన ఏసుకుంటా. మొదటి దెబ్బ గూడా నాదే అనుకో. టెంకాయ అని సూసినాంక, మిగతా పది ఎవురివప్పా?"

సమాధి గదిలో గైడు ఏదో అన్నాడు, ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఉమాదేవి స్తంభం దగ్గర నుంచి లేచి నిలబడింది, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. మారెప్ప చెంబు కింద పెట్టాడు. ఈ ప్రశ్న వాణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదని ముఖం చూస్తే తెలుస్తోంది, పోలీసులూ అడగలేదు, జడ్జీ అడగలేదు, స్వామీ అడగలేదు.

"చెయ్యి ఆగలే తల్లీ" అన్నాడు. "ఒగసారి లేచినాంక ఆగదు. ఎవురి చెయ్యయినా అంతే. నీదైనా అంతే. తెచ్చినావు కదా, ఏసి సూడు, నీకే తెలుస్తాది." తుండుగుడ్డ తీసి మెడ వంచాడు.

గోనెగుడ్డ ఎప్పుడు విప్పిందో ఈశ్వరికి తెలియదు. తొలిక చేతిలో ఉంది, పిడి చెమటకు జారుతోంది, అడ్డంగా వేసింది, ఎడమ భుజం మీద, తన లెక్కలో మొదటి మెట్టు మీద, బలం కొద్దీ. మెత్తగా దిగి ఎముకకు తగిలి ఆగింది. వాడు హమ్మా అని మోకాళ్ల మీద పడ్డాడు. చెంబు దొర్లింది. మజ్జిగ రాళ్ల మీద తెల్లగా పారింది, దానిలోకి ఎర్రగా వచ్చి కలిసింది, ఉమాదేవి కెవ్వున అరిచింది. ఎంత హాయిగా ఉంది! అబద్ధం ఎందుకు, అంత హాయి ఏడేళ్లలో ఎరగదు, భుజం నుంచి బొటనవేలిదాకా వేడి పాకింది, ముంజేయి వేయి, ముంజేయి, తర్వాత వీపు అని చెయ్యి తనంతట తానే పైకి లేచింది, అది లేస్తుంటే ఆమె చూస్తోంది. వాడు చెప్పింది నిజమే. ఆగదు. రెండోది అడుగుతోంది చెయ్యి, అడగడం కాదు, గుంజుతోంది. మారెప్ప కళ్లు మూసుకొని మెడ ఇంకా వంచాడు. వాడి ముఖంలో భయం లేదు. రెండోది పడుతుందని ఎదురుచూస్తున్నాడు, పడితే తను చెప్పింది నిజమవుతుంది, ఆనాటి పది దెబ్బలకూ జవాబు దొరుకుతుంది, ఎవరి చెయ్యయినా అంతేనని హాయిగా చచ్చిపోతాడు. ఓహో, అదా నీకు కావాల్సింది? వీరేష్ మీద పడిన పదీ ఎవరి తప్పూ కాకుండా పోవాలా, నా చేతితో? పళ్లు కొరికింది. చెయ్యి దిగడానికి గుంజింది, ఆమె దాన్ని పట్టుకుంది, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగబడి నెత్తురు వచ్చింది. మైకు ఆగిపోయింది, ఆడవాళ్లు గుమ్మంలో గుంపుగా నిలబడిపోయారు, ఎవరూ దగ్గరికి రావడం లేదు.

రెండోది పడకపోయేసరికి మారెప్ప కళ్లు తెరిచాడు.

"ఆగుతాది మారెప్పా" అంది ఈశ్వరి. "సూడు. బాగా సూడు. ఆగుతాది."

వాడు చూశాడు. చూసి, భుజం పట్టుకొని, మొదటిసారి గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు. ఈశ్వరి చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంది. మిగతా పదీ అందులోనే ఉండిపోయాయి.